ఏ రంగు బడ్జీ కొనాలి? ముందు ముక్కు చూడండి, రెక్కలు తర్వాత

పక్షుల షాపుకెళ్లి "లవ్ బర్డ్స్ ఉన్నాయా?" అని అడిగితే మన దగ్గర చూపించేది బడ్జీలనే. అసలు లవ్ బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికావి, పొట్టి తోక, బొద్దు ఒళ్లు, మొరటు ముక్కు. మనం ఆ పేరుతో పిలుచుకునే సన్నతోక బుల్లి చిలుకది ఆస్ట్రేలియా, పూర్తి పేరు బడ్జెరిగార్. పేరు గొడవ పక్కన పెడితే అసలు తికమక రంగుల దగ్గర మొదలవుతుంది. ఒకే పెద్ద పంజరంలో ఆకుపచ్చవి, నీలివి, పసుపువి, తెల్లవి, బూడిదవి, మచ్చలవి, గీతలవి, అసలు గీతే లేనివి కలిసి ఎగురుతుంటాయి. పక్కన పిల్లాడు "అది కావాలి, కాదు కాదు, అది" అని గంతులేస్తుంటాడు. షాపువాడు వల పట్టుకుని రెడీగా నిలబడతాడు. ఐదు నిమిషాల్లో తేల్చేయాలి.

మొదటిసారి నేనూ అలాగే తేల్చేశాను. మా పేటలో ఒక షాపులో నిమ్మపండు రంగులో, ఎర్రటి కళ్లతో ఒక పక్షి కనపడింది. "మూడు నెలల పిల్ల సార్, మగది, మాటలు నేర్పొచ్చు" అన్నాడు షాపతను. మగ పిల్లకి ముక్కు మీద గులాబీ రంగు ఉంటుందని చదివి వెళ్లాను కాబట్టి పెద్ద తెలిసినవాడిలా వంగి చూశాను. గులాబీ రంగే ఉంది. ఇంకేం, ఇంటికి తెచ్చుకున్నాను. ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం చేతిలో కొర్ర కంకి పట్టుకుని పంజరం ముందు కూర్చున్నాను. దగ్గరికి రావడం అటుంచి, నా చెయ్యి కనపడితే చాలు అటు చివరి కొమ్మకి వెళ్లి అతుక్కుపోయేది. మాటల సంగతి సరేసరి. ఒకరోజు ఎన్నో ఏళ్లుగా బడ్జీలు పెంచుతున్న ఒక పెద్దాయన మా ఇంటికొచ్చి, దాన్ని చూసి నవ్వేశారు. "ఇది పిల్లేంటి బాబూ, దీనికే పిల్లలుండి ఉంటాయి. లుటినో మగదానికి ముక్కు రంగు చచ్చేదాకా ఇంతే" అన్నారు. లుటినో అంటే ఈ పసుపు ఒళ్లు, ఎర్ర కళ్ల రకమే.

షాపతను కావాలని అబద్ధం చెప్పాడో, అతనికీ తెలియదో ఇప్పుడు అనవసరం. కానీ ఆ రోజు నుంచి రంగు చూసే నా పద్ధతి మారిపోయింది. కొన్ని రంగుల పక్షులు తమ వయసెంతో, ఆడో మగో మొహం మీదే చెప్పేస్తాయి. కొన్ని రంగులు ఆ సంగతులన్నీ దాచేస్తాయి. అందం అందరికీ కనపడేదే, దాని గురించి సలహా చెప్పడానికేం లేదు. కొనేవాడికి పనికొచ్చే తేడా మాత్రం ఈ చెప్పడం, దాచడం దగ్గరే ఉంది.

సాదా ఆకుపచ్చ: అన్నీ మొహం మీదే

అడవి బడ్జీ రంగు ఇదే. ఆకుపచ్చ ఒళ్లు, పసుపు మొహం, తల వెనక నుంచి రెక్కల దాకా నల్లటి అలల గీతలు, గొంతు కింద నల్ల చుక్కలు, బుగ్గ మీద ఊదా మచ్చ. షాపులో అన్నిటికంటే చవక ఇదే, అందుకే ఎవరూ రెండోసారి చూడరు. నేను మాత్రం కొత్తవాళ్లకి ముందు దీన్నే చేతిలోకి తీసుకోమంటాను, కొన్నా కొనకపోయినా.

షాపతన్ని పట్టుకోమని వెలుతురులోకి తిప్పి చూడండి. నల్ల గీతలు నుదుటి మీదుగా ముక్కు దాకా దిగి ఉంటే అది పిల్ల. మూడు నాలుగు నెలల వయసులో మొదటిసారి ఈకలు రాలి కొత్తవి వస్తాయి, అప్పుడు నుదురు శుభ్రంగా పసుపు అయిపోతుంది. తర్వాత కళ్లు. పిల్ల కన్ను మొత్తం నల్లగా, మిరియం గింజలా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ నల్లటి గుడ్డు చుట్టూ తెల్లటి వలయం మెల్లగా తేలుతుంది. ఇక ముక్కు. ముక్కు రంధ్రాలు ఉండే మెత్తటి చిన్న పట్టీని పెంపకందార్లు సీర్ అంటారు. పెద్ద మగదానికి అది నిండు నీలం. పెద్ద ఆడదానికి తెల్లబారిన లేత రంగు నుంచి గోధుమ రంగు దాకా ఉంటుంది, గుడ్లు పెట్టే రోజుల్లో ఎండిన బెరడులా పొరలు కడుతుంది. పిల్లల్లో మగదానికి సీర్ అంతా ఒకే తీరు గులాబీ-ఊదా. ఆడ పిల్లకి లేతగా ఉండి, రంధ్రాల చుట్టూ తెల్లటి గుండ్రాలు కనపడతాయి. కొత్తగా చూసేవాళ్లు ఈ తెల్ల గుండ్రాల దగ్గరే పొరబడతారు, లేత నీలంగా ఉంది కదా అని ఆడదాన్ని మగదనుకుంటారు.

ఆకుపచ్చ పక్షిలో ఈ మూడు గుర్తులూ స్పష్టంగా ఉంటాయి. ఇక మిగతా రంగుల్ని చూసేటప్పుడు ఒకటే ప్రశ్న: వీటిలో ఏ గుర్తు పోయింది?

ఇంకో మాట. ఇంట్లో పచ్చటి చిలుక ఉండాలని కొందరికి ఉంటుంది, రామచిలుక కోసం అడుగుతారు. అది మన దేశపు పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. బడ్జీకి ఆ గొడవ లేదు.

నీలం, దాని అన్నదమ్ములు

బడ్జీ రంగుల లెక్క చాలా చిన్నది. ఈక నిర్మాణమే వెలుతురుని చెదరగొట్టి నీలంగా కనపడేలా చేస్తుంది, దాని వెనక నల్లటి మెలనిన్ ఉండాలి. పైన పసుపు రంగు ఉంటే ఆ నీలం మనకి ఆకుపచ్చగా కనపడుతుంది. పసుపు తీసేస్తే నీలం పక్షి. మెలనిన్ తీసేసి పసుపు ఉంచితే పసుపు పక్షి, అదే లుటినో. రెండూ తీసేస్తే తెల్లది, అల్బినో. అంగట్లో కనపడే సందడంతా దాదాపు ఈ రెండిటి మీద ఆడే ఆటే. ఎరుపు రంగు ఈ లెక్కలో ఎక్కడా లేదు. కాబట్టి ఎవరైనా గులాబీ బడ్జీ, ఎర్ర బడ్జీ అని చూపిస్తే అది తెల్ల పక్షికి వేసిన రంగు. ఈకలు అంటుకున్నట్టు, ముక్కు అంచులకీ కాళ్లకీ రంగు మరకలు అంటినట్టు ఉంటుంది. అలాంటి షాపులో ఇంక ఏమీ కొనకండి, పక్కదానికి మంచి రంగున్నా సరే.

పసుపు లేకపోవడానికి కారణం ఒక జన్యువులో చిన్న మార్పు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ జన్యువేదో కనిపెట్టారు, దాని ప్రొటీన్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లం తేడా. పక్షి ఒంట్లో మిగతా ఏదీ మారలేదు. అందుకే కొనేవాడి కోణంలో నీలానికీ ఆకుపచ్చకీ తేడా లేదు: నుదుటి గీతలు, కంటి వలయం, సీర్ రంగు అన్నీ అలాగే చదవొచ్చు. మొహం పసుపు బదులు తెల్లగా ఉంటుంది, అంతే. "నీలివి తొందరగా మాట్లాడతాయి" అనే మాట షాపుల్లో వినపడుతుంటుంది. పట్టించుకోకండి. మాటల్లో తేడా రంగుది కాదు, మగదానిది. 1,728 మాటలు నేర్చి గిన్నిస్ రికార్డుకెక్కిన కాలిఫోర్నియా బడ్జీ పక్ కూడా మగదే.

ఈ నీలానికి ఒకప్పుడు ఎంత గిరాకీ ఉండేదో వింటే ఇప్పటి ధరలు నవ్వొస్తాయి. 1840లో జాన్ గౌల్డ్ ఆస్ట్రేలియా నుంచి బతికున్న బడ్జీల్ని ఇంగ్లండ్ తెచ్చాడు, అవన్నీ ఆకుపచ్చవే. నీలిది ఆ శతాబ్దం చివర్లో బెల్జియంలో పుట్టింది. 1910లో లండన్ ప్రదర్శనలో పెడితే జనం విరగబడ్డారు. 1920ల్లో జపాన్‌లో నీలి బడ్జీల పిచ్చి పట్టి జత ధర ఆకాశాన్నంటింది, తర్వాత అంతే వేగంగా కూలింది. ఇవాళ అదే పక్షి ఆకుపచ్చదానితో పాటు చవక వరసలో కూర్చుంది. "ఇది చాలా రేర్ సార్" అని ఎవరైనా రెట్టింపు చెప్పినప్పుడు ఈ కథ గుర్తు తెచ్చుకోండి. బడ్జీలు తొందరగా పిల్లలు పెడతాయి. ఇవాళ్టి రేర్ నాలుగేళ్లలో, అవి గుడ్లు పెట్టే కుండల నిండా ఉంటుంది.

నీలంలో మూడు ఛాయలున్నాయి. లేత ఆకాశ నీలం, దానికంటే ముదురు కోబాల్ట్, ఇంకా ముదిరి బూడిద కలిసినట్టుండే మావ్. ఆకుపచ్చలో కూడా అదే వరస: లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, ఆలివ్. ఇవి కాక బూడిద రంగు వేరే ఉంది, వయొలెట్ వేరే ఉంది. వయొలెట్ అసలు అందం కోబాల్ట్ మీద పడితేనే. నన్నడిగితే బడ్జీల్లో అన్నిటికంటే బాగుండేది మంచి వయొలెట్. దానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పు లేదు, ఎందుకంటే అది ఏ గుర్తునీ దాచదు.

ఒక్క జాగ్రత్త: షాపు ట్యూబులైటు కింద మావ్‌ని, బూడిదని వేరు చేయలేరు. వయొలెట్ అని చెప్పి కోబాల్ట్ ఇచ్చినా తెలియదు. పంజరం బయటికి, పగటి వెలుతురులోకి తెప్పించండి. బుగ్గ మచ్చ ఊదాగా, తోక ముదురు నీలంగా ఉంటే మావ్. బుగ్గ కూడా బూడిదగా మారి తోక నల్లగా ఉంటే బూడిద రంగుది.

పసుపు మొహం, నీలి ఒళ్లు ఉన్నవాటిని ఎల్లోఫేస్ అంటారు. ఇవి పిల్లలుగా ఉన్నప్పుడు బలే ముద్దుగా ఉంటాయి, పసుపు ఎక్కడిదక్కడ గీత గీసినట్టు ఆగుతుంది. అయితే వీటిలో ఒక రకం మొదటిసారి ఈకలు మార్చాక ఆ పసుపు మెల్లగా ఒళ్లంతా పాకి, పక్షి సముద్రపు ఆకుపచ్చలోకి తిరుగుతుంది. మా మేనకోడలికి అలాగే అయింది. నీలి పక్షి కొన్నానంది, నాలుగు నెలలయ్యాక ఫోన్ చేసి "మావయ్యా, నా పక్షి రంగు మారిపోతోంది, ఏదైనా జబ్బా?" అని టెన్షన్ పడింది. జబ్బు కాదు, దాని అసలు రంగు అదే. రంగు మీద పట్టింపు ఉంటే ఎల్లోఫేస్‌లో పిల్లని కాకుండా ఒకసారి ఈకలు మార్చినదాన్ని ఎంచుకోండి, లేదా దాని తల్లిదండ్రుల్ని చూపించమనండి.

గీతల్లో తేడాలు

ఒళ్లు ఏ రంగైనా కావచ్చు, దాని మీద గీతలు రకరకాలుగా మారతాయి. షాపుల్లో ఎక్కువ కనపడే మూడు నాలుగే చెబుతాను.

ఒపలైన్‌లో తల వెనక గీతలు పలచబడి, రెండు రెక్కల మధ్య వీపు మీద ఖాళీ జాగా కనపడుతుంది, అక్కడ ఒంటి రంగే ఉంటుంది. రెక్క ఈకల అంచుల్లోకి కూడా ఒంటి రంగు వచ్చి చేరుతుంది కాబట్టి మొత్తం పక్షి ఒకే రంగులో ముంచినట్టు నిండుగా కనపడుతుంది. నుదుటి గీతలు పిల్లలో కూడా పలచగానే ఉంటాయి, ఆ ఒక్క గుర్తు కొంచెం బలహీనం. కన్ను, సీర్ మామూలే. సినమన్‌లో గీతలు నలుపు బదులు గోధుమ రంగు, ఒంటి రంగు కూడా ఒక మెట్టు దిగి మెత్తగా ఉంటుంది. పాత చేనేత చీరలా హుందాగా ఉంటుంది కానీ పిల్లలకి సాధారణంగా నచ్చదు.

స్పాంగిల్‌ని ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. మామూలు బడ్జీ రెక్క ఈక నల్లగా ఉండి అంచు లేతగా ఉంటుంది. స్పాంగిల్‌లో అది తిరగబడింది, ఈక లేతగా, అంచు మాత్రం పెన్సిల్‌తో గీసినంత సన్నగా నలుపు. గొంతు చుక్కలు కూడా మధ్యలో తెల్లబడి గుండ్రాల్లా ఉంటాయి. ఇది 1970ల్లో ఆస్ట్రేలియాలో బయటపడ్డ రకం. పెద్ద మగదానికి సీర్ నీలమే, కంటి వలయం మామూలుగానే వస్తుంది. ఫ్యాన్సీగా కనపడాలి, అన్నీ చదవగలగాలి అంటే నా ఓటు దీనికే.

పైడ్ అంటే మచ్చలది. ఇక్కడ ఆగి కాస్త జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే పైకి ఒకేలా అనిపించే రెండు రకాలున్నాయి, అమ్మేవాళ్లు రెండిటినీ పైడ్ అనే అంటారు. ఒకటి ఆస్ట్రేలియన్ లేదా డామినెంట్ పైడ్. పొట్ట మీద అడ్డంగా పసుపో తెలుపో పట్టీ, తల వెనక చిన్న మచ్చ. పెద్ద మగదానికి సీర్ నీలం, కంటికి వలయం, అన్నీ ఉంటాయి. రెండోది డేనిష్ లేదా రిసెసివ్ పైడ్. పై సగమంతా గీతలు పోయి పసుపో తెలుపో, కింది సగం నిండు రంగు, రెక్కల మీద అక్కడక్కడ నల్ల చుక్కలు చిలకరించినట్టు. అందంలో రెండోదే గొప్ప. కానీ దాని కంటికి జన్మలో తెల్ల వలయం రాదు, పెద్దయినా మిరియం గింజే. మగదాని సీర్ కూడా గులాబీ-ఊదాగానే ఉండిపోతుంది. నుదుటి మీద గీతలు ఎలాగూ లేవు. మూడు గుర్తులకి మూడూ పోయాయన్నమాట. ఐదేళ్ల పక్షినిచ్చి పిల్ల అని చెప్పినా పట్టుకోవడం కష్టం.

కాబట్టి పైడ్ నచ్చితే మీ ముందు రెండు దారులు. డామినెంట్ పైడ్ తీసుకోవడం. లేదా రిసెసివ్ పైడే కావాలంటే షాపులో కాకుండా ఇంట్లో పెంచే బ్రీడర్ దగ్గర, అది పుట్టిన కుండని చూసి తీసుకోవడం. మంచి బ్రీడర్లు కాలికి సంవత్సరం వేసిన రింగు తొడుగుతారు. అతుకు లేని ఆ రింగు పిల్లగా ఉన్నప్పుడే ఎక్కుతుంది, తర్వాత ఎక్కదు. అది వయసుకి నమ్మదగిన సాక్ష్యం.

తెల్లది, పసుపుది

ఎక్కువమంది మనసు పడేది వీటి మీదే. లుటినో, అల్బినోలని షాపుల్లో "రెడ్ ఐ" అంటారు. మెలనిన్ లేకపోవడంతో కళ్లు ఎర్రగా, కాళ్లు గులాబీగా ఉంటాయి, గీత అన్నది ఉండదు. నుదుటి గుర్తు లేదు. పెద్ద మగదాని సీర్ నీలం కాదు, పిల్ల సీర్‌లాగే గులాబీ-ఊదా. నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. పెద్ద ఆడదాని సీర్ మాత్రం గోధుమ రంగుకి తిరుగుతుంది, అది ఒక్కటి నమ్మొచ్చు. కంటి వలయం వస్తుంది కానీ ఎర్ర కన్ను మీద, షాపు వెలుతురులో దాన్ని పట్టుకోవాలంటే ఓపిక కావాలి. ఎండ నేరుగా పడే చోట ఎర్ర కళ్లవి ఇబ్బంది పడతాయి, పడమటి బాల్కనీ అయితే పంజరానికి నీడ తప్పనిసరి.

వీటి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. తెల్ల పక్షి వయసుని దాచినా జబ్బుని దాచలేదు. తోక కింద ఈకలకి మలం అంటుకుని ఉంటే ఆకుపచ్చ పక్షిలో వెతకాలి, అల్బినోలో గుమ్మం దగ్గర నుంచే కనపడుతుంది. దుమ్ము రోడ్డు పక్కన ఇల్లయితే అల్బినో నెల తిరక్కుండా కోరా గుడ్డలా తయారవుతుంది, వారానికి రెండు మూడుసార్లు వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టాలి. అదీ లెక్కేసుకోండి.

తెల్లటి పక్షే కావాలి, కానీ నాలాగా మోసపోకూడదు అంటే ఒక ఉపాయం ఉంది. నీలి వరసలో డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్ అడగండి. రెండు వైపుల నుంచీ స్పాంగిల్ జన్యువు అందిన పక్షిలో గీతలన్నీ మాయమై దాదాపు స్వచ్ఛమైన తెలుపు మిగులుతుంది. ఆకుపచ్చ వరసలో అయితే పసుపు. కళ్లు మాత్రం నలుపు, పెద్దయ్యాక వలయం వస్తుంది, మగదాని సీర్ చక్కగా నీలమవుతుంది. అల్బినో పక్కనే కూర్చోబెట్టినా దూరం నుంచి తేడా తెలియదు. చాలా షాపుల్లో దీన్ని "బ్లాక్ ఐ వైట్" అని అమ్ముతుంటారు. నల్ల కన్నున్న తెల్లవి వేరే రకాలు కూడా ఉన్నాయి, వాటిలో వలయం రానివీ ఉంటాయి. కాబట్టి పేరు నమ్మకుండా సీర్ నీలంగా, కంటికి వలయంతో ఉన్న పెద్ద మగదో, స్పాంగిల్ జతకి పుట్టిన పిల్లో అయితేనే తీసుకోండి.

జుట్టు ముడులు, పూల రెక్కలు, పెద్ద తలలు

వీటి మీద ఎక్కువ సమయం పెట్టను. తల మీద కుచ్చు ఉండేది క్రెస్టెడ్. వీపు మీద ఈకలు సుడి తిరిగి పూవులా విచ్చుకునేది హాగోరోమో, జపాన్‌ది. రెయిన్‌బో అనేది ఒక్క రకం కాదు, ఒపలైన్, క్లియర్‌వింగ్ (రెక్కల మీద గీతలు చెరిగిపోయినట్టుండేది), ఎల్లోఫేస్ మూడూ ఒకే నీలి పక్షిలో కలిస్తే వచ్చే మిశ్రమం. చాలా బాగుంటుంది, ఆ పేరుతో ఏదో ఒక రంగుల పక్షిని అంటగట్టడం కూడా మామూలే. రెక్కలు దాదాపు తెల్లగా, ఒళ్లు నిండు రంగులో, మొహం పసుపుగా ఉందో లేదో చూడండి.

ఎగ్జిబిషన్ బడ్జీ రంగు రకం కాదు, ఒడ్డూ పొడుగూ వేరు. మామూలు బడ్జీ పద్దెనిమిది సెంటీమీటర్లు, ముప్ఫై నలభై గ్రాములు. ఇది అంతకంటే బాగా పెద్దది, నుదుటి ఈకలు కళ్ల మీద పడేంత తల. నెమ్మదైనది, అంతగా అరవదు. ధర ఎక్కువ, ఆయుష్షు సాధారణంగా తక్కువ. మొదటి పక్షిగా నేను చెప్పను.

ఎవరికి ఏది

ఇంట్లో పిల్లల కోసం, చేతికి మచ్చిక అవ్వాలి అనుకుంటే రంగు కంటే వయసు ముఖ్యం. నుదుటి గీతలు ముక్కు దాకా ఉన్న ఒకే ఒక్క పిల్ల, ఆకుపచ్చో నీలమో. మాటలు కావాలంటే అదే పిల్లల్లో సీర్ ఒకే తీరు గులాబీగా ఉన్న మగది. జతగా తెస్తే అవి ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకుంటాయి, మీతో కాదు. అయితే ఒంటరిది అయినప్పుడు రోజూ దాని దగ్గర కూర్చునే మనిషి ఉండాలి. పొద్దున పోయి రాత్రి వచ్చే ఇల్లయితే మాటల ఆశ వదులుకుని రెండు తెచ్చుకోండి.

చూడటానికే, నాలుగైదు కలిపి పెద్ద పంజరంలో పెట్టుకోవడానికైతే ఏ రంగు కలిపినా ఫర్వాలేదు. అవి రంగు చూసి కొట్టుకోవు. అసలు అవి చూసే రంగే వేరు. తల మీద పసుపు ఈకలు అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయని, సన్‌స్క్రీన్ రాసి ఆ మెరుపు ఆపితే జత పక్షికి ఆసక్తి తగ్గిందని 2002లోనే పరిశోధకులు చూపించారు. మనం లుటినోని చూసి మురిసిపోతుంటే దాని పక్కనున్నది ఏం చూస్తోందో మనకేం తెలుసు. ఇలాంటి గుంపుకి నా ఎంపిక ఒక వయొలెట్, ఒక స్పాంగిల్, ఒక డామినెంట్ పైడ్, ఒక సాదా ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ పక్కన ఉంటేనే మిగతావాటి రంగు లేస్తుంది.

జతకట్టించి పిల్లలు తీయాలనుకునేవాళ్లకి

షాపులో మాటలు ఎక్కువ వినపడేది ఇక్కడే. నీలానికి నీలం కడితే ఆకుపచ్చ పిల్ల పుట్టదు, ఎన్ని ఈతలైనా. ఆకుపచ్చకి నీలం కడితే, ఆకుపచ్చది లోపల నీలం మోస్తుంటే సగం నీలివి రావొచ్చు, లేకపోతే అన్నీ ఆకుపచ్చే. అలా లోపల మోసేదాన్ని స్ప్లిట్ అంటారు. స్ప్లిట్ అని పైకి చూసి చెప్పడం దాదాపు కుదరదు, కాబట్టి దానికి ఎక్కువ డబ్బు అడిగితే తల్లిదండ్రుల్ని చూపించమనాలి. ఒక అబద్ధాన్ని మాత్రం అక్కడికక్కడే పట్టుకోవచ్చు. లుటినో, అల్బినో, ఒపలైన్, సినమన్ ఇవన్నీ లింగ క్రోమోజోమ్ మీద నడిచే రంగులు. పక్షుల్లో ఆడదానికి అలాంటి జన్యువు ఒక్క ప్రతే ఉంటుంది. ఉంటే బయటికి కనపడుతుంది, లేకపోతే లేదు. కాబట్టి "ఇది ఆడది, స్ప్లిట్ లుటినో" అని ఎవరైనా అంటే ఆ మనిషికి విషయం తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు.

స్పాంగిల్‌కి స్పాంగిల్ కడితే లెక్క ప్రకారం నాలుగింట ఒకటి డబుల్ ఫ్యాక్టర్, అంటే ఇందాక చెప్పిన తెల్లదో పసుపుదో. క్రెస్టెడ్‌కి క్రెస్టెడ్‌ని మాత్రం అనుభవమున్నవాళ్లు కట్టరు, మామూలుదానికి కడతారు.

నా లుటినో సంగతి చెప్పి ఆపుతాను. మచ్చిక కాలేదని ఇచ్చేయబుద్ధి కాలేదు. ఆ పెద్దాయన సలహా మీద దానికి ఒక సాదా ఆకుపచ్చ ఆడదాన్ని తెచ్చి, పంజరానికి చిన్న కుండ కట్టాను. ఐదు గుడ్లు పెట్టింది, పద్దెనిమిది రోజులకి ఒక్కొక్కటే పొదిగి నాలుగు పిల్లలయ్యాయి. కందిన చర్మం, ఈక లేదు, కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఆయన సెల్‌ఫోన్ టార్చ్ వేసి ఒక్కో పిల్లనీ అరచేతిలో పెట్టుకుని చూపించారు. రెండిటి కనురెప్పల చర్మం కింద నల్లటి మచ్చ కనపడింది, రెండిటికి గులాబీగా ఉంది. "తండ్రి లుటినో, తల్లి ఆకుపచ్చ అయితే ఎర్ర కన్నున్నవన్నీ ఆడపిల్లలే. నల్లవి మగవి. రాసి పెట్టుకో" అన్నారు. క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి పసుపు పిల్లలు రెండిటికీ సీర్ గోధుమ రంగు తిరిగింది, ఆకుపచ్చ వాటికి నీలం.